బాంబు పేలిన రైల్లో జనం: అపోహలు, వాస్తవాలు

నేను లండన్‌లో క్లినికల్ సైకాలజిస్టుని. ప్రమాదాల్లోంచి, దాడుల్లోంచి బయటపడ్డవాళ్లతో నా పని. ఏ దేశంలోనైనా రైల్లోనో బస్సులోనో బాంబు పేలిందంటే ముందు తెనాలి నుంచి అమ్మ ఫోను వస్తుంది. ఆ తర్వాత చుట్టాల వాట్సాప్ గ్రూపులో జనం మనస్తత్వం మీద తలా ఒక తీర్పు. తరచూ వినబడే కొన్నిటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు 2005 జులై 7నే తీసుకుంటాను. ఆ పొద్దున లండన్‌లో 8.50 ప్రాంతంలో మూడు అండర్‌గ్రౌండ్ రైళ్లలో, 9.47కి టావిస్టాక్ స్క్వేర్‌లో 30వ నంబరు బస్సులో బాంబులు పేలాయి. బాంబులు పెట్టిన నలుగురు కాక 52 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్లు 700 పైమాటే.

అపోహ: ప్రాణం మీదికొస్తే ఎవరి దారి వాళ్లదే

జరిగింది దాదాపు దీనికి తలకిందులు. సొరంగంలో చీకటి, గొంతు పట్టేసే పొగ, నిప్పంటుకుంటుందేమోనన్న భయం. ఏం జరిగిందో చెప్పే నాథుడు లేడు. జాన్ డ్రూరీ, క్రిస్ కాకింగ్, స్టీవ్ రైషర్ అనే పరిశోధకులు బయటపడ్డవాళ్లను అడిగి చూస్తే, తోసుకుపోయినవాళ్ల కంటే చెయ్యి అందించినవాళ్లే చాలా ఎక్కువని తేలింది. నీళ్ల సీసాలు చేతులు మారాయి. ఒంటి మీది గుడ్డలే కట్లయ్యాయి. ట్యూబ్, అంటే లండన్ అండర్‌గ్రౌండ్ రైలు, ఎక్కినవాళ్లకు తెలుసు, ఇక్కడ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే తప్పన్నట్టు కూర్చుంటారు. అలాంటివాళ్లకు కూడా అందరం ఒకే గండంలో ఉన్నామని తెలిసేసరికి పరాయితనం పోయింది. బస్సు పేలింది సరిగ్గా బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ భవనం ముందు. లోపలున్న డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు, బల్లల పైచెక్కలే స్ట్రెచర్లయ్యాయి.

మరి తొక్కిసలాటల మాటేమిటి అంటారు. 2015 పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్ దగ్గర జరిగినట్టు, జనం ఎక్కువై చోటు చాలనప్పుడు వెనకవాళ్ల ఒత్తిడికి ముందువాళ్లు నలిగిపోతారు. అక్కడ ఎవరికీ మతి పోనక్కర్లేదు. 2017 సెప్టెంబర్‌లో లండన్ పార్సన్స్ గ్రీన్ స్టేషన్‌లో బాంబు పూర్తిగా పేలలేదు, అయినా మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి దెబ్బలు తగిలాయి. మంట చూసి పరుగెత్తడం తెలివైన పనే. ఇరుకు మెట్లతోనే చిక్కు.

అపోహ: నిజం చెబితే జనం బెంబేలెత్తిపోతారు

2005లో మొదట బయటికొచ్చిన మాట, కరెంటు సరఫరాలో ఏదో తేడా వచ్చిందని. కావాలని దాచారనడం లేదు, అప్పటికి ఎవరికీ స్పష్టత లేదు. కానీ సమాచారం లేని చోట ఊహ పెరుగుతుంది. 2017 నవంబర్ 24న లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద గొడవ జరిగింది, అంతే. కాల్పులని పుకారు లేచి వీధుల్లో పరుగులు తీశారు, 16 మందికి గాయాలు. అసలు దాడే లేదు. మాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మీరు ఇటు నడవండి అని మైకులో గట్టిగా చెబితే జనం వింటారు.

ఫోన్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. జులై 7న నెట్‌వర్కులు కిక్కిరిసిపోయాయి. తర్వాత జరిపిన సర్వేలో, మనవాళ్లు క్షేమమో కాదో వెంటనే తెలుసుకోలేకపోయినవాళ్లలో టెన్షన్ ఎక్కువ కనిపించింది. మీ వాళ్లుండే ఊళ్లో ఇలాంటిది జరిగితే కాల్ మీద కాల్ చేయకుండా ఒక మెసేజ్ పెట్టండి. అమ్మకి ఈ మాట చెప్పి చెప్పి విసిగిపోయాను.

అపోహ: కళ్లారా చూసినవాళ్లు చెప్పింది తప్పు కాదు

2005లోనే, జులై 22న లండన్ స్టాక్‌వెల్ స్టేషన్‌లో పోలీసులు ఒక బ్రెజిల్ ఎలక్ట్రీషియన్‌ను బాంబరని పొరబడి కాల్చి చంపారు. అతను మందపాటి కోటు వేసుకున్నాడని, గేటు మీంచి దూకాడని ఆ రోజే సాక్షులు చెప్పారు. నిజానికి వేసుకున్నది డెనిమ్ జాకెట్, గేటు దాటింది మామూలుగా కార్డు చూపించి. అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పలేదు. భయంలో కన్ను కొంత చూస్తుంది, మిగతాది మనసు పూరిస్తుంది.

అపోహ: బయటపడ్డవాళ్లందరినీ వెంటనే కూర్చోబెట్టి మాట్లాడించాలి

మా వృత్తి చాలాకాలం మోసిన అపోహ ఇది. ఘటన జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే అందరితో ఒక సిట్టింగ్ పెట్టి, ఏం చూశావు, ఏమనిపించిందని తవ్వడం. దానివల్ల తర్వాతి మానసిక సమస్యలు తగ్గవని, కొందరికి చెరుపు కూడా చేస్తుందని అధ్యయనాల్లో తేలాక, 2005లోనే ఇక్కడి వైద్య మార్గదర్శకాలు వద్దన్నాయి.

జులై 7 దాడి తర్వాత 11 నుంచి 13 రోజుల మధ్య జేమ్స్ రూబిన్ అనే పరిశోధకుడి బృందం 1,010 మంది లండన్‌వాసులతో ఫోన్‌లో మాట్లాడింది. 31 శాతం మందిలో గట్టి ఒత్తిడి కనిపించింది, నిపుణుల సాయం కావాలనుకున్నది 1 శాతమే. ఏడు నెలలకు ఒత్తిడి ఉన్నవాళ్లు 11 శాతానికి తగ్గారు. అంటే చాలామందికి అన్నం, నిద్ర, ఇంటికి చేరే దారి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. అలాగని మిగిలినవాళ్లను గాలికొదిలేయకూడదు. రైళ్లలోంచి బయటికొచ్చిన చాలామంది పేర్లు ఎవరూ రాసుకోలేదు. మసి పట్టిన బట్టలతోనే నడుచుకుంటూ ఇళ్లకెళ్లిపోయారు. తర్వాత చికిత్స అందించడానికి వాళ్లను వెతుక్కోవాల్సి వచ్చింది. నెల దాటినా పీడకలలు, రైలెక్కలేకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం పోకపోతే అప్పుడు రావాలి. దానికి మంచి చికిత్స ఉంది.

అపోహ: మర్నాడే రైలెక్కారంటే భయం లేనట్టే

2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో 11 నిమిషాల్లో ఏడు పేలుళ్లు. పట్టాల పక్క బస్తీలవాళ్లు దుప్పట్లలో గాయపడ్డవాళ్లను మోశారు. మర్నాడు రైళ్లు మళ్లీ నిండాయి. దాన్ని ముంబయి స్పిరిట్ అని పొగుడుతారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. డ్యూటీకి పోకపోతే జీతం కోస్తారు, వెళ్లడానికి ఇంకో దారి లేదు.

అపోహ: అందరి భయం ఒకటే

రూబిన్ బృందం లండన్ సర్వేలోనే ముస్లింలలో ఒత్తిడి ఎక్కువ కనిపించింది. వాళ్లకు బాంబు భయంతో పాటు పక్కవాళ్ల చూపుల భయం. ఈ చూపు మతం అడిగి పడదు. నా దగ్గరికొచ్చిన గుంటూరు జిల్లా సాఫ్ట్‌వేర్ ఆయన ఒకరున్నారు, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. 2005 జులై 7న ఆయన ఎక్కింది పేలిన రైలు కాదు. గడ్డం, చామనఛాయ, వీపున నల్ల బ్యాగు. వారం తర్వాత రైల్లో ఆయన కూర్చోగానే ఎదురుగా ఉన్నావిడ లేచి, బ్యాగుకేసి ఒక చూపు చూసి, వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది. ఆయన గడ్డం తీసేశాడు, బ్యాగు మానేసి లంచ్ బాక్సు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లో తీసుకెళ్లాడు. లోపలేముందో అందరికీ కనబడాలని.

నా దగ్గరికి రావడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. "నాకేమీ కాలేదు కదండీ, ఏమని చెప్పుకోను?" అన్నాడు. ఒకరోజు ఇద్దరం కలిసి బ్యాగుతో రైలెక్కాం. మూడు స్టేషన్ల దాకా దాన్ని ఒళ్లోనే పట్టుకుని, జిప్పు సగం తెరిచి ఉంచాడు. నాలుగో స్టేషన్‌లో జిప్పు వేశాడు.