రెండుసార్లు ఆగిన డాట్సన్

చెన్నై శివార్లలోని ఒరగడం ఫ్యాక్టరీలో రెడి-గో కారు తయారీని ఆపేశామని నిస్సాన్ ఇండియా 2022 ఏప్రిల్‌లో ప్రకటించింది. దానితో నిస్సాన్ తన చౌక కార్లకు పెట్టిన డాట్సన్ అన్న పేరుకు మన దేశంలోనూ కాలం చెల్లింది. ఇండోనేషియా, రష్యా దేశాల్లో ఆ పేరు అంతకు రెండేళ్ల ముందే పోయింది. ఇప్పటికే కార్లు కొన్నవారికి సర్వీసు, స్పేర్ పార్టులు, వారంటీ యథాతథంగా అందుతాయని కంపెనీ అప్పుడు హామీ ఇచ్చింది. అయితే సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి ధర కట్టేటప్పుడు ఆ హామీని లెక్కలోకి తీసుకోడు, బ్రాండు మూతపడిందన్న సంగతినే తీసుకుంటాడు. గో, గో ప్లస్, రెడి-గో నడుపుతున్నవారిలో చాలామందికి కారు మీద పెద్దగా ఫిర్యాదులు లేవు, వారి బాధంతా అమ్మబోతే వచ్చే ధర గురించే. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ పేరు మొదటిసారి ఎలా నిలబడిందో, దాన్ని ఎందుకు తీసేశారో, మళ్లీ ఎందుకు తెచ్చారో చూడాలి.

మసుజిరో హషిమొతో అనే ఇంజనీరు 1911లో టోక్యోలో క్వైషిన్‌షా అనే చిన్న కార్ల కర్మాగారం పెట్టాడు. 1914లో అక్కడ తయారైన కారుకు, పెట్టుబడి పెట్టి ఆదుకున్న డెన్, అయోయామా, తకెయుచి అనే ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలు కలిపి డాట్ అని పేరు పెట్టారు. అది లాభాలు తెచ్చిన వ్యాపారం కాదు. 1926లో ఆ సంస్థ ఒసాకాలోని మరో కార్ల కంపెనీతో కలిసిపోయింది. 1930లో జపాన్ ప్రభుత్వం 500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లు నడపడానికి లైసెన్సు అక్కరలేదని నిబంధన సడలించడంతో దశ తిరిగింది. ఆ కొలతకు సరిగ్గా సరిపోయేలా 495 సీసీ ఇంజిన్‌తో 1931లో ఒక బుల్లి కారు తయారైంది. డాట్ కారుకు సంతానం అన్న భావంతో మొదట దాన్ని డాట్‌సన్ అన్నారు. జపనీయుల చెవికి ఆ చివరి శబ్దం నష్టాన్ని గుర్తుచేస్తుందని మరుసటి ఏడాదే ఇంగ్లిషులో సూర్యుణ్ణి సూచించే అక్షరక్రమంలోకి మార్చారు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కనుక ఆ తేడా మనకు కనిపించదు. అదే కాలంలో యోషిసుకే అయికావా అనే పారిశ్రామికవేత్త ఈ సంస్థను తన చేతిలోకి తీసుకున్నాడు. 1934 నాటికి ఆయన వాహన వ్యాపారం నిస్సాన్ మోటార్ అయింది. 1935లో యొకొహామా ఫ్యాక్టరీలో కన్వేయర్ మీద డాట్సన్ కార్లు వరుసగా తయారై బయటికి రావడం మొదలైంది. నిస్సాన్ అన్నది కంపెనీ పేరైతే డాట్సన్ అన్నది జనం కొనే చిన్న కారు పేరు. దాదాపు యాభై ఏళ్లపాటు ఈ ఏర్పాటు పెద్దగా మారలేదు.

యుద్ధకాలంలో కార్ల తయారీ ఆగి, 1947లో మళ్లీ మొదలైంది. 1952లో బ్రిటన్‌కు చెందిన ఆస్టిన్ కంపెనీతో కుదిరిన ఒప్పందం వల్ల నిస్సాన్ ఇంజనీర్లకు ఆధునిక ఇంజిన్ల తయారీ చేతికి వచ్చింది. ఇక ఆ పేరు జపాన్ దాటి వెళ్లిన ఘట్టానికి కేంద్ర వ్యక్తి యుతాకా కతయామా. ప్రచార విభాగంలో పనిచేస్తున్న ఆయన 1958లో రెండు డాట్సన్ కార్లతో ఒక బృందాన్ని ఆస్ట్రేలియా చుట్టివచ్చే మొబిల్‌గ్యాస్ ర్యాలీకి తీసుకువెళ్లి, తమ తరగతిలో విజయంతో తిరిగి వచ్చాడు. 1960లో కంపెనీ ఆయనను అమెరికాకు పంపింది.

అమెరికాలో తొలి డాట్సన్ కార్లు కొన్నవారి అభిప్రాయాలు ఏమంత గొప్పగా లేవు. వెయ్యి సీసీ ఇంజిన్ అక్కడి ఫ్రీవేల మీద లారీల వెనకబడేది. బ్రేకులు చాలేవి కావు. చలి ప్రాంతాల్లో పొద్దున్నే స్టార్ట్ కాక మొరాయించేది. జపాన్‌లోని ఎగుడుదిగుడు రోడ్ల మీద నెమ్మదిగా నడిపేందుకు బరువుగా, మొరటుగా కట్టిన బండి అది. కతయామా చేసిన ముఖ్యమైన పని ప్రకటనలు వేయించడం కాదు. డీలర్ల దగ్గరికి స్వయంగా వెళ్లి, కొన్నవారి ఫిర్యాదులు విని, వాటిని పట్టు విడవకుండా టోక్యోకు చేరవేయడం. కార్ల కన్నా ముందు అక్కడ నిలదొక్కుకున్నది డాట్సన్ పికప్ ట్రక్కు. తోటపని చేసేవారు, చిన్న వ్యాపారులు దాన్ని కొని, ఎంత మోటుగా వాడినా తట్టుకుంటుందని మెచ్చుకున్నారు.

ఆ ఫిర్యాదుల ఫలితం 1960ల చివర్లో వచ్చిన 510 మోడల్‌లో కనిపించింది. 1600 సీసీ ఇంజిన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. ఖరీదైన ఐరోపా కార్లలో ఉండే అమరిక సామాన్యుడి ధరకు అందింది. 1970లో ఈ కారు తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచింది, అమెరికాలో 1971, 1972 ట్రాన్స్-యామ్ కార్ల రేసు పోటీల్లో తన తరగతిలో విజేత అయింది. 1969లో 240జెడ్ వచ్చింది. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ. ఆ పేరుతో అమెరికాలో స్పోర్ట్స్ కారు అమ్ముడుపోదని కతయామా వచ్చిన కార్ల మీది ఆ అక్షరాలు పీకించి 240జెడ్ అని అతికించాడు. ధర 3,526 డాలర్లు. అంతకన్నా ఎంతో ఖరీదైన ఐరోపా కార్లతో పోటీపడే వేగం, వాటిలో కానరాని నమ్మకం దానికి ఉన్నాయని కొన్నవారు సంబరపడ్డారు. రేకు త్వరగా తుప్పు పడుతుందన్నది ఆనాటి యజమానుల ప్రధాన ఆరోపణ, అది నిజం కూడా. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు బంకుల ముందు వరుసలు కట్టిన అమెరికన్లకు డాట్సన్ అంటే తక్కువ తాగే, చెడిపోని చిన్న కారు అని స్థిరపడిపోయింది.

ఇంత మంచి పేరును కంపెనీ తానే తీసేసింది. ప్రపంచమంతటా ఒకే పేరు ఉండాలని, అది నిస్సాన్ అయి ఉండాలని 1981లో నిర్ణయించింది. అప్పటి అధ్యక్షుడు తకాషీ ఇషిహరా. కతయామా అప్పటికే పదవీ విరమణ చేశాడు. కొన్నేళ్లపాటు కార్ల మీద రెండు పేర్లూ కలిపి అచ్చువేసి, డీలర్ల బోర్డులన్నీ మార్చి, ప్రకటనల మీద భారీగా ఖర్చుపెట్టి 1980ల మధ్యకు ఆ పని ముగించారు. లెక్కల్లో ఒకే పేరు ఉండటం సౌకర్యమే. కానీ కొనుగోలుదారు రెండు దశాబ్దాలుగా తన అనుభవంతో నమ్మిన పేరును చెరిపేసి, అతనికి అంతగా పరిచయం లేని పేరును ఆ చోట పెట్టడం నా దృష్టిలో వాహన వ్యాపార చరిత్రలోని పెద్ద పొరపాట్లలో ఒకటి. పాత కార్ల యజమానులు మాత్రం ఆ పేరును వదల్లేదు. 510, 240జెడ్ కార్లకు అభిమాన సంఘాలు కొనసాగాయి. 1990ల చివర్లో నిస్సాన్ అమెరికా విభాగం తానే కొన్ని పాత 240జెడ్‌లను కొని, బాగుచేయించి, షోరూముల్లో మళ్లీ అమ్మింది.

2012 మార్చిలో నిస్సాన్ అధిపతి కార్లోస్ ఘోన్ జకార్తాలో డాట్సన్ తిరిగి వస్తోందని ప్రకటించాడు. ఇండోనేషియా, భారత్, రష్యాలలో మొదటిసారి కారు కొనే కుటుంబాలకోసం ఈ పేరు అన్నారు. మైక్రా, సన్నీ కార్లతో మన దేశంలోకి వచ్చిన నిస్సాన్‌కు మారుతీ ఆల్టో ధరకు దిగివచ్చే బండి లేదు. తన సొంత పేరు మీద అంత చౌక కారు అమ్మడానికి మనసొప్పలేదు. పెట్టెలో పడివున్న పాత పేరును అందుకోసం బయటికి తీశారు. 240జెడ్ ఎరుగని దేశంలో ఆ పేరు గతం కొనుగోలుదారును ఆకర్షించదు. ధర ఒక్కటే ఆకర్షించాలి.

2014 మార్చిలో గో మార్కెట్లోకి వచ్చింది. ఢిల్లీ షోరూం ప్రారంభ ధర 3.12 లక్షల రూపాయలు. మైక్రాలోని 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజినే ఇందులోనూ ఉంది, బండి మాత్రం దానికన్నా తేలిక. అందుకే గో యజమానులు మొదట చెప్పేది పికప్ గురించే. ఘాట్ రోడ్డులో నిండు లోడుతో కూడా ఇబ్బంది పెట్టదనీ, ఏసీ బాగా చల్లబరుస్తుందనీ, స్టీరింగు తేలికనీ, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చోవచ్చనీ అంటారు. కంపెనీ చెప్పిన మైలేజి లీటరుకు 20.63 కిలోమీటర్లు. ఇక తగ్గించినవన్నీ కంటికి కనబడేవే. ముందు వైపర్ ఒక్కటే. ఆడియో సిస్టమ్ బదులు ఫోను తగిలించుకునే స్టాండు. డాష్‌బోర్డు కింద నుంచి లాగే హ్యాండ్ బ్రేకు. తలుపు వేస్తే వినిపించే పలుచని రేకు చప్పుడు. హైవే మీద వేగం పెరిగేకొద్దీ లోపలికి వచ్చే టైర్ల రొద. 2015లో వచ్చిన గో ప్లస్‌లో మూడో వరుస పిల్లలకు తప్ప పనికిరాదని, దాన్ని మడిచేసి సామాన్లకు వాడుకుంటున్నామని చెప్పనివారు తక్కువ.

2014 నవంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరిపిన ఢీకొట్టే పరీక్షలో గోకు పెద్దల రక్షణ విషయంలో సున్నా స్టార్లు వచ్చాయి. బాడీ నిర్మాణం ఎంతగా నలిగిపోయిందంటే ఎయిర్‌బ్యాగులు పెట్టినా ప్రయోజనం ఉండదని ఆ సంస్థ తేల్చింది. దాని అధ్యక్షుడు మాక్స్ మోస్లీ ఈ కారును విపణి నుంచి ఉపసంహరించాలని ఘోన్‌కు లేఖ రాశాడు. భారతీయ నిబంధనలన్నీ పాటిస్తున్నామని కంపెనీ బదులిచ్చింది. చట్టప్రకారం అది సరైన జవాబే, ఎందుకంటే అప్పటికి మన దేశంలో అటువంటి పరీక్ష తప్పనిసరి కాదు. ఇక్కడ తరచుగా మరచిపోయే సంగతి ఒకటుంది. అదే విడతలో పరీక్షించిన, ఎయిర్‌బ్యాగులు లేని మారుతీ స్విఫ్ట్‌కూ సున్నాయే వచ్చింది. అయినా స్విఫ్ట్ అమ్మకాలకు అది అడ్డు కాలేదు. ప్రతి పట్టణంలో సర్వీసు, మూడేళ్ల తరవాత కూడా మంచి ధర, పక్కింట్లో అదే కారు ఉండటం దాన్ని కాపాడాయి. డాట్సన్‌కు అటువంటి అండ ఏదీ లేకపోవడంతో ఆ సున్నా దానికి రెండో ఇంటిపేరైంది.

సర్వీసు సంగతి కూడా అప్పుడే సందిగ్ధంలో ఉంది. అంతవరకు నిస్సాన్ కార్ల అమ్మకాలు, డీలర్ల వ్యవహారం హోవర్ ఆటోమోటివ్ అనే బయటి సంస్థ చేతిలో ఉండేవి. గో విడుదలకు ముందువెనకగా ఆ ఒప్పందం రద్దయి, డీలర్ల వ్యవస్థను కంపెనీ మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. పెద్ద నగరాల్లో ఉన్నవారికి దీని ప్రభావం అంతగా తెలియలేదు. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న యజమానులు మాత్రం ఒక బంపర్ కోసమో హెడ్‌లైట్ కోసమో రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చిందని చెబుతారు. చౌక కారు కొన్నవాడికి ఇంట్లో మరో కారు ఉండదన్న సంగతి ఈ ప్రణాళికలో ఎక్కడా లెక్కకు వచ్చినట్టు లేదు.

2016 జూన్‌లో 2.38 లక్షలకు వచ్చిన రెడి-గో నిజానికి మెరుగైన ఆలోచన. భాగస్వామి కంపెనీ రెనో వారి క్విడ్‌తో పంచుకున్న ప్లాట్‌ఫారం, 185 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, ఎత్తైన సీటు. స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలదని, ఇరుకు సందుల్లో మలుపు తిప్పడం సులువని నడిపినవారు ఇప్పటికీ మెచ్చుకుంటారు. 0.8 లీటర్ల ఇంజిన్ హైవేకు చాలదన్న ఫిర్యాదుకు 2017లో ఒక లీటరు ఇంజిన్‌తో, క్లచ్ బాధకు మరుసటి ఏడాది ఏఎంటీతో, అంటే క్లచ్ తొక్కనక్కరలేని గేరుబాక్సుతో, జవాబిచ్చారు. 2019లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి దక్కింది ఒక్క స్టారే.

ఈలోగా 2018 అక్టోబరులో గో, గో ప్లస్‌లను దిద్ది రెండు ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ చేర్చారు. 2019లో బండి అదుపు తప్పకుండా చూసే స్థిరత్వ వ్యవస్థ, సీవీటీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా వచ్చాయి. ఆ ధరల శ్రేణిలో మిగతావారు ఇవ్వనివి ఇవి. కానీ కొనేవారు అప్పటికే తమ అభిప్రాయం ఏర్పరచుకున్నారు. 2018 నవంబరులో ఘోన్ టోక్యోలో అరెస్టయ్యాడు. ఆయన వెళ్లిన తరవాత సంఖ్యల కోసం చౌక కార్లు అమ్మే పద్ధతిని కంపెనీ పక్కన పెట్టింది. 2020 ఏప్రిల్‌లో వాహన కాలుష్యానికి సంబంధించిన బీఎస్-6 నిబంధనలు అమలైనప్పుడు కార్లను కొత్త ప్రమాణాలకు మార్చినా, షోరూములను నిలబెట్టింది ఆ ఏడాది చివర్లో నిస్సాన్ పేరుతోనే వచ్చిన మాగ్నైట్ కారు.

2025 మార్చిలో ఒరగడం ఫ్యాక్టరీలోని తన 51 శాతం వాటాను రెనోకు అమ్ముతున్నట్టు నిస్సాన్ ప్రకటించింది. డాట్సన్ యజమానులకు దీనివల్ల వెంటనే మారేదేమీ లేదు, విడిభాగాల బాధ్యత ఇప్పటికీ నిస్సాన్‌దే. ఇంజిన్, గేరుబాక్సు వంటివి మైక్రాతోనో క్విడ్‌తోనో పంచుకున్నవి కనుక మామూలు సర్వీసుకు పెద్దగా చిక్కు ఉండదు. డోర్లు, బంపర్లు, అద్దాలు, లైట్లు ఈ కార్లకే ప్రత్యేకం కనుక చిన్న ప్రమాదం జరిగినా అక్కడే ఆలస్యమవుతుంది. రీసేల్ ధర తక్కువ కావడం అమ్మేవాడికి నష్టమైనా, అలవాటయ్యేదాకా ఒక కారు కావాలనుకునే కొత్త డ్రైవరుకు అది లాభం. అలా కొనేవారు 2018 అక్టోబరుకు ముందు తయారైన గోనా, తరవాతదా అన్నది ఆర్‌సీలో చూసుకోవడం అవసరం. వ్యాపారి రెంటికీ ఇంచుమించు ఒకే రకంగా ధర చెప్పవచ్చు గానీ రెండు ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్‌తో వచ్చింది రెండోదే.