ఒక్క చేప ముక్కే కదా!

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా పిల్లి మెడ, చెవుల దగ్గర రక్తం వచ్చేలా గోక్కుంటోంది. డాక్టర్ ఫుడ్ ఎలర్జీ కావచ్చని స్పెషల్ ఫుడ్ రాశారు. మధ్యలో ఒక్క ముక్క బొచ్చె చేప ఉడకబెట్టి పెడితే ఏమవుతుంది? పుట్టినప్పటి నుంచీ తింటున్నదే కదా!"

ఎలర్జీ వచ్చేది అలా తింటూ వచ్చిన తిండితోనే. పిల్లుల్లో ఎక్కువగా పడనివి పశుమాంసం, చేప, కోడి. వాటిలోని ఒక ప్రోటీన్‌ను శరీరం ఎప్పుడో శత్రువుగా గుర్తుపెట్టుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి చర్మంలోని మాస్ట్ కణాల మీద కాపు కాస్తుంటాయి. ప్రోటీన్ వచ్చి ఒక్క యాంటీబాడీకి తగిలితే ఏమీ కాదు. పక్కపక్కనున్న రెండింటికి ఒకేసారి తగిలితేనే కణం హిస్టమిన్‌ను కక్కేస్తుంది. దురద మొదలవుతుంది. ఎలర్జీలన్నీ ఈ దారినే రావు గానీ, నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఇదే.

మన ఊళ్లలో వాగు మీద తాటిమొద్దు వేస్తారు. రెండు కొసలూ రెండు గట్ల మీద ఆనితేనే దాటగలం. దాన్నే మూరెడు ముక్కలుగా నరికితే కర్ర అంతా అక్కడే ఉంటుంది, దాటడానికి మాత్రం పనికిరాదు. డాక్టర్ రాసిన స్పెషల్ ఫుడ్, అంటే హైడ్రొలైజ్డ్ ఫుడ్, తయారీలో చేసేది ఆ నరుకుడే. ఎంజైములతో ప్రోటీన్‌ను తెగ్గొట్టి, చాలావరకు 10,000 డాల్టన్ల (అణువుల బరువుకు కొలత) లోపు ముక్కలు చేస్తారు. పోషణకు లోటుండదు, పేగులో ఎలాగూ తెగాల్సినవే. అక్కడక్కడా పొడుగు ముక్కలు మిగిలితే కొన్ని పిల్లులకు అదీ పడదు. మరి ఉడకబెడితే? వేడికి మొద్దు వంకర తిరుగుతుందే తప్ప ముక్కలు కాదు. ఒక్క చేప ముక్కలో అలాంటి మొద్దులు లెక్కలేనన్ని!

అన్నీ మానేసి పెరుగన్నం పెడదామనుకోకండి. పాల ప్రోటీన్లూ కొన్నిటికి పడవు. పైగా పిల్లికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఆ గుండె సంగతి 1987లో బయటపడింది. దిష్టి అని నల్లదారం కట్టేవాళ్లు, పుండుకు వేపనూనె రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, రాసిందంతా కడుపులోకే పోతుంది. దయచేసి మానండి.

గోమార్ల మందు ముందే వేయించి, 8 వారాలు ఆ ఫుడ్ ఒక్కటే పెట్టండి. పక్కింటివాళ్లకూ చెప్పండి. రుచి కలిపిన నట్టల మాత్రలుంటే డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. దురద తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. మామూలుగా 2 వారాల్లోపే దురద తిరగబెడితే ఎలర్జీ ఖాయం. రక్తపరీక్షలతో ఇది నమ్మకంగా తేలదు. కొత్త తిండి ముట్టకపోతే "ఆకలేస్తే అదే తింటుందిలే" అని వదిలేయకండి. కొన్ని రోజుల పస్తుకే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ వారంలో మార్చండి. 8 వారాల లెక్క మాత్రం పాతది పూర్తిగా ఆపిన రోజు నుంచే.