మత్తడి ఎత్తు ఎంతో అడగండి

పిల్లలూ,

చెరువు హద్దులో ఉన్నాయని ఇళ్లు కూల్చిన సంగతి విని, మొన్న మీలో ఒకరు ఫోన్‌లో అడిగారు: "తాతయ్యా, వాళ్లకు రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయట, ఇంటి పన్ను కూడా కడుతున్నారట. మరి ఇల్లెందుకు కూల్చారు?" ముప్పై ఏళ్లు చెరువుల చుట్టూ సర్వే చేసినవాణ్ణి, అంత పెద్ద ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మన చెరువుకు కట్ట ఉంటుంది, పొలాలకు నీళ్లు వదిలే తూము ఉంటుంది, ఒక పక్కన మత్తడి ఉంటుంది. కొన్నిచోట్ల దీన్ని అలుగు అంటారు. కట్టకంటే తక్కువ ఎత్తులో రాతితో కట్టిన గోడ అది. చెరువు నిండాక మిగిలిన నీళ్లు దాని మీదుగా దూకి, వాగులో పడి, కింది చెరువుకు పోతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు చాలావరకు ఇలా గొలుసుకట్టుగా ఉన్నవే. మా చిన్నప్పుడు "చెరువు మత్తడి దుంకింది" అని ఎవరైనా అరిస్తే చాలు, పలకలు పడేసి పరుగెత్తేవాళ్లం.

ఆ మత్తడి పైఅంచు ఏ ఎత్తులో ఉందో, చెరువు చుట్టూ నేల ఆ ఎత్తుకు వచ్చేదాకా నీళ్లు పరుచుకుంటాయి. ఆ హద్దునే ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటారు. ఎవరో ఆఫీసులో కూర్చుని ఇష్టమొచ్చినట్టు గీసిన గీత కాదది. ఇల్లు కట్టేచోట మేస్త్రీ దగ్గర నీళ్లు నింపిన సన్నటి పారదర్శకమైన పైపు చూశారా? ఒక కొన ఈ గోడకు, ఇంకో కొన ఆ గోడకు పెడితే రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. నేను చేసిందీ అదే పని, కాకపోతే లెవెలింగ్ మిషన్‌తో. మత్తడి దగ్గర మొదలుపెట్టి, అదే మట్టాన్ని తుమ్మచెట్ల మధ్యనుంచి చెరువంతా తిప్పుకొస్తూ ఒక్కో చోట రాయి పాతించేవాణ్ణి.

చిక్కంతా ఎండాకాలంలో వస్తుంది. నీళ్లు వెనక్కి పోయి, పర్రెలు విచ్చిన చదునైన నేల కనిపిస్తుంది. దాన్ని శిఖం భూమి అంటారు. కొన్నిచోట్ల రైతులకు ఆ శిఖంలో పట్టాలు కూడా ఉన్నాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ హక్కు. ఏప్రిల్‌లో ఆ నేల మీద సున్నంతో గీతలు గీసి ప్లాట్లని అమ్ముతారు. కొనేవాళ్లు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయిస్తారు. స్థలం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో అందులో ఉంటుంది కానీ, వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఉండదు. పన్ను సంగతీ అంతే. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి లేని ఇల్లు సక్రమమైపోదు.

ఎఫ్‌టీఎల్ లోపల కట్టకూడదు సరే, బయట కూడా కొంత జాగా ఎందుకు వదలాలి? మత్తడి దూకుతున్నప్పుడు చూడండి, దాని మీద అడుగో రెండడుగులో నీళ్లు నిలిచి పారుతుంటాయి. అంటే చెరువు నీటిమట్టం ఎఫ్‌టీఎల్‌ను దాటి పైకొచ్చినట్టే. అలాంటి నీళ్లకోసం ఎఫ్‌టీఎల్ బయట వదిలే జాగానే బఫర్ జోన్. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన బిల్డింగ్ రూల్స్, అదే 168వ నంబరు జీవో, పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలమంది. పది మీటర్లకంటే వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 2 మీటర్లు.

"మట్టి పోసి ఎత్తు పెంచుకుంటే సరిపోతుందిగా" అంటారు కొందరు. లెక్క వేద్దాం. ఒక ఎకరం శిఖంలో మీటరు ఎత్తున మట్టి పోస్తే చెరువులో 40 లక్షల లీటర్ల చోటు పోతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు 800! ఆ నీళ్లు మాయమైపోవు, పక్కవాళ్ల ఇంట్లోకి వెళ్తాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి, కింద బస్తీల్లో మనుషులు కొట్టుకుపోయారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా అక్కడే ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

2024లో హైడ్రా, అంటే చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ, వచ్చి హైదరాబాద్‌లో కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, రోడ్డు మీద గ్యాస్ స్టవ్ పక్కన పుస్తకాల సంచి పట్టుకుని నిలబడ్డ ఒక పిల్లను టీవీలో చూశాను. చెరువు హద్దు నిలవాలని బతుకంతా పనిచేసినవాణ్ణి, అయినా నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల తప్పేముంది? నా దృష్టిలో ఈ నియమం పనిచేయాల్సింది సున్నం గీతలు పడ్డ రోజున. లేఅవుట్ కాగితం బల్ల మీదికొచ్చినప్పుడు ఒక మనిషి వెళ్లి రాయి ఎక్కడుందో చూసొస్తే సరిపోయేది. ఆ పని జరగకపోతే నాలుగంతస్తులు లేస్తాయి, బ్యాంకు లోన్ వస్తుంది, కరెంటు మీటర్ వస్తుంది, చివరికి జేసీబీ వస్తుంది. ముందు సంతకం పెట్టినవాళ్లనూ, ప్లాట్లు అమ్మినవాళ్లనూ అడగకుండా చివర కొన్నవాణ్ణి మాత్రమే అడిగితే అది న్యాయం కాదు.

నేను పాతించిన రాళ్లు అన్నీ లేవు. ఒక కుంట దగ్గర పదేళ్ల తర్వాత వెళ్తే, నా చేత్తో ఎర్రరంగు నంబరు వేసిన రాయి ఒకరి ఇంటి ముందు బట్టలుతికే బండయింది. నంబరు ఇంకా సగం కనిపిస్తోంది. ఆ ఇల్లాలికి అదేంటో తెలియదు. చెప్పాలంటే నాకు నోరు రాలేదు. చెప్పాల్సింది.

మీ నాన్న స్థలం చూస్తున్నానన్నాడు కదా. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, అదే హెచ్‌ఎండీఏ, వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు సర్వే నంబర్లతో సహా ఉంటాయి, అతని పక్కన కూర్చుని మీరే తెరవండి. దసరాకు వచ్చేటప్పుడు ఇరవై అడుగుల సన్న పైపు ఒకటి తెండి. మన ఊరి కట్ట మైసమ్మ గుడి వెనక, గడ్డిలో ఒక రాయి ఇంకా నిలబడే ఉంది. మత్తడి అంచునుంచి పైపు పట్టుకుంటూ, అంచెలంచెలుగా దాని దాకా పోదాం.

మీ తాతయ్య