బొహీమియన్స్ అన్న పేరు ఎవరిది? ప్రాగ్ కంగారూల కథ

2009-10 సీజన్‌లో చెక్ ఫుట్‌బాల్ ఫస్ట్ డివిజన్ పాయింట్ల పట్టిక తీసి చూస్తే బొహీమియన్స్ అనే పేరు రెండు చోట్ల కనిపిస్తుంది. రెండూ ప్రాగ్ నగరానివే. ఒకటి వర్షోవిత్సె పేటలో వందేళ్లకు పైగా ఆడుతూ వచ్చిన జట్టు. రెండోది నగరానికి ఉత్తరాన ఉన్న స్ట్రీజ్‌కోవ్ నుంచి వచ్చిన క్లబ్, పేరూ గుర్తూ అద్దెకి తెచ్చుకుంది. ఈ తగువు కోర్టుల దాకా, ఆఖరికి ఒక జట్టు మ్యాచ్‌కే రాకపోవడం దాకా వెళ్లింది. ఇది అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1905లో మొదలైనప్పుడు ఈ క్లబ్ పేరు ఏఎఫ్‌కే వర్షోవిత్సె. స్లావియా, స్పార్టా లాంటి పెద్ద జట్ల నీడలో ఉండే పేట జట్టు. 1927లో వీళ్లకి ఆస్ట్రేలియా టూర్ అవకాశం వచ్చింది. అంత దూరంలో వర్షోవిత్సె అంటే ఎవరికి నోరు తిరుగుతుంది, ఎవరికి తెలుస్తుంది? అందుకే ప్రాగ్ ఉన్న బొహీమియా ప్రాంతం వాళ్లమని తెలిసేలా బొహీమియన్స్ అనే పేరుతో ఓడెక్కారు. టూర్ అయ్యాక అక్కడివాళ్లు రెండు బతికున్న కంగారూలని కానుకగా ఇచ్చారు. అవి ప్రాగ్ జూకి చేరాయి, కంగారూ బొమ్మ మాత్రం క్లబ్ గుర్తుగా ఉండిపోయింది. ఆకుపచ్చ తెలుపు చొక్కాల మీద కంగారూ ఏమిటని అడిగేవాళ్లకి జవాబు ఇదే. అభిమానులు ఇప్పటికీ జట్టుని క్లొకాని, అంటే కంగారూలు అనే పిలుస్తారు. 1932లో ద్యోలీచెక్ అనే చిన్న స్టేడియం వచ్చింది. ఇళ్ల మధ్యలో ఇరుక్కుని, పక్కనే బోటిచ్ వాగుతో, ఇప్పటికీ అక్కడే ఉంది.

కమ్యూనిస్టుల పాలన వచ్చాక చెకోస్లొవేకియాలో క్లబ్బులన్నిటినీ ఫ్యాక్టరీలకీ సైన్యానికీ రైల్వేలకీ అంటగట్టి పేర్లు మార్చేశారు. వర్షోవిత్సె జట్టు ఒక దశలో స్పార్టాక్ స్టాలిన్‌గ్రాడ్ అయింది, తర్వాత రైలింజన్లూ ట్రాములూ తయారుచేసే చెకెడె కంపెనీ పేరు తగిలించుకుంది. 1965లో మళ్లీ బొహీమియన్స్ అన్న మాట పేరులోకి తిరిగొచ్చింది. 2005లో పేరు మీద తగువు మొదలైంది కానీ, పేరు పోగొట్టుకోవడం వీళ్లకి అప్పుడే వచ్చిన కొత్త కష్టం కాదు.

ఇక ఈ క్లబ్ ఆటగాడు ఆంటొనీన్ పనెంకా. 1976 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు ఫైనల్, బెల్‌గ్రేడ్, జూన్ 20. చెకోస్లొవేకియాకీ పశ్చిమ జర్మనీకీ మధ్య మ్యాచ్ 2-2తో తేలకుండా పెనాల్టీలకి వెళ్లింది. జర్మనీ ఆటగాడు ఊలీ హొనెస్ కొట్టిన బంతి క్రాస్‌బార్ పైనుంచి ఎగిరిపోయింది. తర్వాత పనెంకా వంతు, గోల్ కొడితే కప్పు. అంత టెన్షన్‌లో అతను జోరుగా పరిగెత్తి వచ్చి, గోల్‌కీపర్ సెప్ మాయర్ ఒక పక్కకి దూకుతుంటే, బంతిని కిందనుంచి మెల్లగా లేపి నట్టనడుమ వేశాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఆ షాట్ కొట్టినా పనెంకా అనే అంటారు. అది అప్పటికప్పుడు తట్టిన తెగింపు కాదు, బొహీమియన్స్ ప్రాక్టీస్‌లో సాన పట్టిన విద్య. ట్రైనింగ్ అయ్యాక క్లబ్ గోల్‌కీపర్ జ్దెనెక్ హ్రుష్కాతో బీరుకీ చాక్లెట్‌కీ పందెం వేసి పెనాల్టీలు కొట్టేవాడు, పందెంలో ఓడిపోతుంటే రాత్రిళ్లు ఆలోచించి ఈ ఉపాయం కనిపెట్టాడు. ఆ షాట్ ఒక పేట క్లబ్ మైదానంలో పుట్టిందన్న సంగతి ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

పనెంకా 1981లో ఆస్ట్రియా క్లబ్ రాపిడ్ వియన్నాకి వెళ్లిపోయాడు. క్లబ్‌కి ఒకే ఒక్క లీగ్ టైటిల్ వచ్చింది ఆ తర్వాతే, 1982-83లో, కోచ్ తొమాష్ పోస్పీఖల్ చేతుల మీదుగా. అదే ఏడాది యూరప్ క్లబ్బుల పోటీ అయిన యుయెఫా కప్‌లో సెంట్ ఎటియెన్‌నీ డండీ యునైటెడ్‌నీ దాటి సెమీఫైనల్‌కి చేరారు, ఆ కప్పు గెలిచిన ఆండర్‌లెక్ట్ చేతిలో ఓడారు. అంత మంచి ఏడాది మళ్లీ రాలేదు.

1989లో కమ్యూనిస్టుల పాలన పోయాక ప్రభుత్వ ఫ్యాక్టరీల అండ పోయింది. క్లబ్బులు ప్రైవేటు కంపెనీలయ్యాయి, బొహీమియన్స్ ఒక డివిజన్ పైకీ ఒక డివిజన్ కిందకీ తిరుగుతూ అప్పుల్లో కూరుకుపోయింది. 2005 నాటికి రెండో డివిజన్‌లో కూడా నిలబడలేని పరిస్థితి. అప్పుడు అభిమానులు సహకార సంఘంగా ఏర్పడి చందాలు పోగుచేశారు. డబ్బున్న ఆసామి ఎవరో వచ్చి కాపాడతాడని కూర్చోలేదు, మామూలు జనం జేబులోంచి తీసి ఇచ్చారు. ఆ డబ్బుతో బొహీమియన్స్ 1905 అనే పేరుతో జట్టు మూడో డివిజన్ నుంచి మళ్లీ మొదలైంది. రెండేళ్లలో, అంటే 2007కి, ఫస్ట్ డివిజన్‌కి తిరిగొచ్చింది!

తగువు మొదలైంది కూడా ఆ 2005లోనే. బొహీమియన్స్ అనే పేరు మీదా కంగారూ గుర్తు మీదా హక్కు తమదేనని టీజే బొహీమియన్స్ అనే మాతృ క్రీడా సంఘం చెప్పుకుంది. ఆ హక్కుని స్ట్రీజ్‌కోవ్ క్లబ్‌కి అద్దెకిచ్చింది. అంటే చందాలు వేసి జట్టుని బతికించుకున్న జనం ఒకవైపు, వాళ్ల పేరూ వాళ్ల కంగారూ వేరే పేట జట్టు చొక్కా మీద ఇంకోవైపు. కాగితాల మీద ఆ సంఘం వాదనకి ఏదో ఒక ఆధారం ఉండొచ్చు, కానీ 1983 టైటిల్ తాలూకు జ్ఞాపకాలు అద్దెకివ్వడం ఎలా కుదురుతుంది? నా మటుకు నాకు ఇందులో రెండో ఆలోచన లేదు, ఆ పేరు వర్షోవిత్సెదే.

2009-10లో రెండు జట్లూ ఒకే డివిజన్‌లో ఎదురుపడ్డాయి. స్ట్రీజ్‌కోవ్ జట్టు బొహీమియన్స్ 1905తో మ్యాచ్‌కి రాకుండా నిరసన తెలిపింది. ఫెడరేషన్ పాయింట్లు కోసింది, సీజన్ చివర్లో ఆ జట్టు కిందికి జారింది. కోర్టు కేసులు ఇంకొన్నాళ్లు నడిచి వర్షోవిత్సె వైపు మొగ్గాయి. 2013లో క్లబ్ తన పేరుని బొహీమియన్స్ ప్రాగ్ 1905గా మార్చుకుంది.

ఈలోగా ద్యోలీచెక్ కూడా చేజారబోయింది. స్టేడియం స్థలం ప్రైవేటు యజమాని చేతిలో ఉంది, అక్కడ బిల్డింగులు లేస్తాయేమోనన్న భయం. జట్టు కొంతకాలం తన పేటలోనే ఉన్న ప్రత్యర్థి స్లావియా స్టేడియంలో హోమ్ మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది, అభిమానులకి అదెంత బాధో చెప్పక్కర్లేదు. వాళ్లు ఊరేగింపులు తీశారు, నాయకుల వెంటపడ్డారు. చివరికి 2016లో ప్రాగ్ నగరమే ఆ స్టేడియాన్ని కొన్నది.

2023లో, 36 ఏళ్ల తర్వాత, జట్టు మళ్లీ యూరప్ పోటీల్లో అడుగుపెట్టింది. యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లోనే నార్వే జట్టు బోడో గ్లిమ్ట్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. స్పార్టా, స్లావియాల డబ్బుతో పోటీపడి ఏటా అక్కడిదాకా వెళ్లడం వీళ్లవల్ల కాదు, అది అభిమానులకీ తెలుసు. ఇప్పుడు వాళ్లకి కప్పుకన్నా ముందు కావాల్సింది ద్యోలీచెక్‌ని సరిగ్గా బాగుచేయించడం, ఆ పని నగరపాలకులు ఇక నాన్చకూడదు.