పికప్‌లో స్లైడింగ్ ట్రే: చానెల్ మీద రాసిన కిలోలు నమ్ముకుని బరువు పెట్టకండి

"అన్నా, 200 కిలోల చానెల్ తెచ్చుకున్నా, నువ్వు వెల్డింగ్ కొట్టిస్తే చాలు."

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి ఈ మాటతో వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. బోరు మోటార్ల మెకానిక్కులు, ఇన్వర్టర్ బ్యాటరీల వాళ్ళు, ఈమధ్య పొలాల్లో డ్రోన్‌తో మందు కొట్టే కుర్రాళ్ళు. అందరి బాధా ఒకటే. సామాను తొట్టి లోపలి కొసన ఉంటుంది, మోకాళ్ళ మీద పాకి వెళ్ళి, నడుం వంచి బయటికి లాగాలి. రోజుకి పదిసార్లు అలా లాగినవాడి నడుం ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే సామానుతో సహా తొట్టిలోంచి బయటికి జరిగే ట్రే వద్దని ఎవరికీ చెప్పను. చానెళ్ళంటే ఆ ట్రే జరిగే పట్టాలు. ఇంట్లో చేసుకుంటానన్నా వద్దనను. కానీ వీడియోలు చూసి పట్టుకొచ్చే కొన్ని నమ్మకాలు మాత్రం కాళ్ళూ వేళ్ళూ విరగ్గొడుతున్నాయి.

అపోహ: చానెల్ మీద 200 కిలోలని ఉంది కాబట్టి ట్రే మీద 200 కిలోలు పెట్టొచ్చు.

ముందుగా ఆ అంకె సంగతి. అది జత చానెళ్ళకి, బరువు సమానంగా పరిచినప్పుడు, కంపెనీ చెప్పిన పద్ధతిలో బిగించినప్పుడు వర్తించే లెక్క. వంటింటి డ్రాయర్లకి వేసే 45 మి.మీ. టెలిస్కోపిక్ చానెల్ జతకి మామూలుగా 35 నుంచి 45 కిలోలు ఉంటుంది. అలాంటివి నాలుగు జతలు వేస్తే నాలుగింతలు మోస్తుందనుకుని వేసుకొచ్చినవాళ్ళనీ చూశాను. గతుకుల రోడ్డు మీద వాటిలో గోళీలు నెల తిరక్కుండా రాలిపోతాయి.

అసలు ప్రమాదం అది కూడా కాదు. అందరూ ట్రే కిందికి వంగుతుందేమో అని చూస్తారు. లోపలి చివర పైకి లేస్తుందని ఎవరూ అనుకోరు. బోర్లు రాకముందు మన ఊళ్ళలో ఏతం ఉండేది. దూలానికి ఒక కొస మనిషి తొక్కితే రెండో కొస బాన పైకి లేచేది. బయటికి లాగిన ట్రే అచ్చం అలాంటిదే. తొట్టి అంచు ఇరుసు, బయటి కొస మనం తొక్కేది, లోపలి కొస లేచేది.

లెక్క చూడండి. ట్రే పొడవు 8 అడుగులు. 5 అడుగులు బయటికి లాగారు, 3 అడుగులు లోపల ఉంది. 200 కిలోల సామాను ట్రే అంతా సమానంగా పరిచి ఉంది. ఆ బరువు నడిమధ్య తొట్టి అంచుకి అడుగు బయట పడుతుంది. 200ని 1తో గుణించి 3తో భాగిస్తే దాదాపు 67 కిలోలు. అంటే లోపలి చివరని 67 కిలోల బలం పైకి లేపుతోంది. ఇప్పుడు 80 కిలోల మనిషి ట్రే కొసన ఎక్కి నిలబడ్డాడనుకోండి. 80 ఇంటూ 5, నాలుగొందలు. ముందున్న 200 కలిపితే ఆరొందలు, 3తో భాగిస్తే 200 కిలోలు. మనిషి ఒక్క అడుగు వేయగానే పైకి లేపే బలం మూడింతలైంది. తొట్టి అంచు దగ్గరి రోలర్ మీద 480 కిలోలు పడుతున్నాయి. ఇదంతా కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. ఎగిరి ఎక్కితే ఇంకా పెరుగుతుంది.

నూజివీడు వైపు నుంచి ఒక మోటారు మెకానిక్ నా దగ్గరికి కర్ర పట్టుకుని వచ్చాడు. బావమరిదితో కలిసి ఇంటి దగ్గరే ట్రే చేసుకున్నాడు. వెల్డింగ్ శుభ్రంగా ఉంది, ఫ్రేము నిక్కచ్చిగా ఉంది. మోటారు బయటికి లాగి, బరువులెత్తే చైన్ బ్లాక్ హుక్కు తగిలించడానికి ట్రే కొసన కాలు పెట్టాడు. లోపలి రెండు బోల్టులూ తొట్టి రేకుని చించుకుని పైకి వచ్చేశాయి. ట్రే కిందికి వాలింది, దానికీ బంపరుకీ మధ్య పాదం ఇరుక్కుంది. రెండు వేళ్ళ ఎముకలు విరిగాయి. ఆ బోల్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నట్టు వదులు కాలేదు, మర చెదరలేదు. వాషర్‌కి రూపాయి బిళ్ళంత రేకు ముక్క అంటుకుని ఉంది, అంతే. ఫోన్‌లో ప్రతి సామాను బరువూ రాసుకున్న పట్టీ చూపించి, "ఎక్కడ తప్పు చేశానన్నా?" అని అడిగాడు. అతను అజాగ్రత్త మనిషి కాదు. బరువులన్నీ సరిగ్గానే రాశాడు. పైకి లేచే బలం ఒకటుంటుందని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి "పెద్ద బోల్టు వేశాను, ఇంకేం కావాలి" అనకండి. 8.8 గ్రేడు ఎం10 (10 మి.మీ. మందం) బోల్టు ఒక్కటే 3 టన్నుల పైచిలుకు లాగుడుకి ఆగుతుంది. ఆగనిది దాని కింద ఉన్న పల్చటి రేకు. బోల్టు తొట్టి అడుగున ఉండే క్రాస్ మెంబర్‌లోకి, అంటే అడ్డంగా వేసిన ఇనుప దూలంలోకి దిగాలి. అక్కడ కుదరకపోతే రేకు కింద 6 మి.మీ. మందం, నాలుగంగుళాల పలకల ప్లేటు వేసి బిగించాలి. డ్రిల్లు పెట్టేముందు బండి కిందికి దూరి డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైరింగ్ ఎక్కడెక్కడ పోతున్నాయో కళ్ళారా చూసుకోవాలి.

లోపలి చివర లేవకుండా పట్టేది సి ఆకారంలో ఉండే ఇనుప చానెల్ (సి-చానెల్) పై అంచు, అంటే పై పెదవి. తొట్టికి సి-చానెళ్ళు బిగించి, ట్రే పక్కలకి బేరింగులు పెడితే, ట్రే బయటికి వచ్చినప్పుడు లోపలి కొస బేరింగు ఆ పై పెదవికి ఆనుకుని ఆగుతుంది. ఇక్కడ చాలామంది ఇనుప కొట్లో దొరికే 75 ఐఎస్ఎంసి (75 మి.మీ. ఎత్తు మామూలు సి-చానెల్) తెచ్చేస్తారు. దాని పెదవులు లోపలివైపు ఏటవాలుగా ఉంటాయి, చేతితో తడిమితే తెలుస్తుంది. బేరింగు వెడల్పంతా ఆనదు, ఒక అంచే ఆనుతుంది. పైగా లోపలి ఎత్తు సుమారు 60 మి.మీ., 6204 నంబరు బేరింగు బయటి వ్యాసం 47 మి.మీ. ఆ 13 మి.మీ. సందు ట్రే కొస దగ్గర 20 మి.మీ. దాటిన వాలు అవుతుంది, ప్రతిసారీ దడేల్‌మని దెబ్బ పడుతుంది. నేను 5 మి.మీ. రేకుని బెండింగ్ మిషన్ మీద వంపు చేయిస్తాను, లోపలి ఎత్తు 48 నుంచి 49. ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ చేత్తో ఒక్క తోపు తోస్తే ట్రే నిశ్శబ్దంగా జరుగుతుంది. బేరింగు రెండువైపులా రబ్బరు సీలు ఉన్నదే తీసుకోండి.

ఇక మడత కాలు. ట్రే బయటి కొసకి కింద ఆనే కాలు ఒకటి పెట్టుకుంటే ఏతం లెక్క మొత్తం మారిపోతుంది, లోపలి చివర లేవాల్సిన పనే ఉండదు. అయితే బరువు వెనక్కి వచ్చేకొద్దీ బండి స్ప్రింగు పట్టీల మీద కిందికి దిగుతుంది. అందుకని కాలికి మర ఉండాలి. ట్రే లాగాక తిప్పి నేలకి ఆనించాలి. అడుగున ఆరంగుళాల ప్లేటు లేకపోతే పొలం గట్టు మీద అది దిగబడిపోతుంది.

అపోహ: వెనక డోర్ దించితే అదే ఆధారం.

కాదు. ఆ డోర్‌ని పట్టుకున్నవి రెండు చైన్లు, రెండు మడతబందులు. దాని మీద రోలర్ ఆనించకండి.

అపోహ: గ్రీజు ఎంత పెడితే అంత సాఫీ.

మట్టి రోడ్ల మీద తిరిగే బండికి చానెల్ లోపల గ్రీజు పూస్తే దుమ్ము పట్టి సానరాయిలా అరగదీస్తుంది. పొడిగా ఉంచి వారానికోసారి బ్రష్‌తో దులిపితే చాలు.

అపోహ: తలుపు గడియ ఒకటి పెడితే ఆగుతుంది.

గట్టిగా బ్రేకు కొడితే 200 కిలోల సామాను దాదాపు 150 కిలోల బలంతో క్యాబిన్ వైపు తోస్తుంది. ముందు గట్టి స్టాపరు, రెండు పక్కలా స్ప్రింగు పిన్నులు పెట్టండి. పిన్ను మందం కనీసం 12 మి.మీ. ఉండాలి. ట్రే తెరిచినప్పుడూ లాక్ పడాలి. ఈ రెండో లాక్‌ని ఎవరూ అడగరు, నేను అడక్కుండానే పెడతాను. ఘాట్ రోడ్డు మీద ముక్కు కిందికి పెట్టి బండి ఆపితే, లాగిన ట్రే దానంతటదే లోపలికి పరుగెత్తుతుంది. మా షెడ్డులో పనిచేసిన కుర్రాడి చూపుడువేలు గోరు అలాగే ఊడింది. ఆ రోజు తప్పు నాది. సగం పూర్తయిన ట్రేని ర్యాంపు మీద పరీక్షించమన్నది నేనే.

ప్లైవుడ్ గురించి ఒక్క మాట. ఎంఆర్ గ్రేడు, అంటే ఇంటి లోపలి సామానుకి వాడే మామూలు ప్లై, తడికి ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కొనండి, కోసిన అంచులకి రంగు వేయండి.

బరువు సంగతి మరిచిపోకండి. 40×40×2 మి.మీ. ఎమ్మెస్ (మామూలు ఇనుము) ట్యూబు మీటరుకి సుమారు 2.4 కిలోలు, 18 మి.మీ. ప్లై 8×4 అడుగుల షీటు దాదాపు 35 కిలోలు. చానెళ్ళు, బేరింగులు, కాలు కలిపితే ట్రే ఒక్కటే వంద కిలోల దగ్గరికి వస్తుంది. బండి మోసే బరువులోంచి ఆ వంద తగ్గించుకోవాలి. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000.

"ఆర్టీవో వాళ్ళు పట్టుకుంటారేమో" అని భయపడేవాళ్ళు చాలామంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో ఉన్న వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. చాసిస్ కోయకండి, దానికి వెల్డింగ్ పెట్టకండి, తొట్టి కొలతలు మార్చకండి, నడిచేటప్పుడు ట్రే అంగుళం కూడా బయటికి రానివ్వకండి. అనుమానం ఉంటే పని మొదలెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో కాగితం పెట్టి అడగండి. బండి మీద ఏ చిన్న వెల్డింగ్ చేయించినా ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇప్పటి బీఎస్6 బళ్ళలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోతే ట్రే ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది.

ఇప్పటికే ట్రే వేయించుకుని, ఇది చదివి గాభరా పడుతున్నవాళ్ళు ఈ సాయంత్రం ఇలా చూసుకోండి. సామాను మొత్తం దించేసి, ట్రే పూర్తిగా లాగి, లాక్ వేయండి. మీరు నేల మీదే నిలబడి బయటి కొసని రెండు చేతులతో గట్టిగా నొక్కండి. ఇంకొకరిని పక్కనుంచి టార్చి వేసి లోపలి చివర చూడమనండి, చేతులు పెట్టనివ్వకండి. చానెల్ తొట్టి నేల నుంచి ఏమాత్రం లేచినా, బోల్టు చుట్టూ రేకు ఉబ్బినా గుర్తు పెట్టుకోండి. తర్వాత బండి కిందికి దూరి నట్ల చుట్టూ పెయింట్ చూడండి. వెంట్రుకంత పగులున్నా ప్లేటు వేయించేదాకా ఆ ట్రే మీద సామాను పెట్టకండి, కాలు అసలే పెట్టకండి.