ఐదు ఊళ్ల కొండను మోస్తున్న గోడలు

చిరంజీవులు బుజ్జికి, చిన్నూకి తాతయ్య, నానమ్మల ఆశీస్సులు.

ఈస్టర్ సెలవులకు ఇటలీ వెళ్తున్నామంటూ మీరిద్దరూ కలిసి రాసిన ప్రయాణ పట్టిక అందింది. నాలుగు రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పీసా చూసి, మిగిలిన సమయంలో సముద్రం ఒడ్డునున్న చింక్వే టెర్రే ఊళ్లు ఐదింటినీ చుట్టి రావాలన్న మీ ఆలోచన చదివితే, ఒకే ముహూర్తానికి ఐదు పెళ్లిళ్లలో అక్షింతలు వేసి, ఎక్కడా విస్తరి ముందు కూర్చోకుండా ఆకలితో ఇల్లు చేరిన మా మేనమామ గుర్తుకొచ్చాడు. ఆయనకు ఐదు శుభలేఖలూ జ్ఞాపకమున్నాయి గాని ఒక్క పెళ్లికూతురి ముఖమూ గుర్తులేదు.

అటువంటి ప్రయాణం నేనూ ఒకటి చేశాను. పోయిన ఏడాది మేము మ్యూనిక్‌లో మీ ఇంట ఉన్నప్పుడు, మీకు పరీక్షలు జరుగుతుండగా, నేనూ నానమ్మా నాలుగు రోజుల కోసం ఆ తీరానికి వెళ్లాం కదా. జెనోవా స్టేషనులో కంటికి ముందు కనబడిన బండి ఎక్కేశాం. అది చిన్న ఊళ్లలో ఆగని దూరప్రయాణపు బండి అని ఎక్కిన తరువాత తెలిసింది. ఆ ఐదు ఊళ్లకు ఇవతలున్న లెవాంటో దాటగానే బండి సొరంగంలో దూరింది. రెండు క్షణాల వెలుగు, నీలంగా కొంత సముద్రం, గులాబీ రంగు గోడ ఒకటి, మళ్లీ సొరంగం. ఇలా చీకటీ వెలుగూ మారుతుండగానే వాటికి అవతలున్న లా స్పెజియా వచ్చేసింది. "ఇరవై నిమిషాల్లో ఐదు ఊళ్లూ చూపించారు, ఇక ఇంటికి పోదామా?" అంది నానమ్మ. ఆ తరువాత ప్రతి స్టేషనులోనూ ఆగే బండిలో వెనక్కి వచ్చి, మనరోలా అనే ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం. ఆ రెండు రోజుల్లో చూసినదాన్ని బట్టే మీ పట్టికను దిద్దుతున్నాను.

రోమ్, ఫ్లోరెన్స్ కొట్టేయండి. రెండువేల ఏళ్లుగా ఉన్న నగరాలు మీకోసం మరో రెండేళ్లు ఆగుతాయి. వెనిస్ కూడా ఈసారికి వద్దు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనం తాకిడికి తట్టుకోలేక ఆ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఎక్కువగా ఉండే కొన్ని రోజుల్లో, ఒక్కపూట సందర్శకుల దగ్గర ఐదు యూరోల ప్రవేశ రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకూ లేదు కాబట్టి మీకు పైసా ఖర్చు కాదని చిన్నూ లాజిక్కు తీస్తాడని తెలుసు, అయినా వద్దనే చెబుతున్నాను. జెనోవాలో ఒక రాత్రి, ఐదు ఊళ్లలో ఏదో ఒకదానిలో రెండు రాత్రులు, తిరుగు దారిలో పీసా. నాలుగు రోజులకు ఇంతే చాలు.

జెనోవా ఓడరేవు నగరం, కొలంబస్ పుట్టిన ఊరు. పాత నగరంలోని సందులు ఎంత ఇరుకంటే, చిన్నూ రెండు చేతులూ చాస్తే కొన్నిచోట్ల రెండు గోడలూ తగులుతాయి. వాటి వెనకే, ఒక్కసారిగా, పాలరాతి మేడల వీధి ఎదురవుతుంది. వెనకటికి అక్కడ రాజు లేడు, రాజభవనమూ లేదు. పొరుగు రాజులో రాయబారులో వస్తే విడిది ఎక్కడ ఇవ్వాలి? అందుకని 1576లో నగర పాలకులు ధనికుల మేడలను హోదా ప్రకారం జాబితాలు రాయించి, అతిథి స్థాయిని బట్టి ఏ మేడవారు విడిది ఇవ్వాలో చీటీలు తీసేవారు. వాటిలో 42 మేడలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. బుజ్జి రోజూ తొడుక్కునే జీన్స్‌కు ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. ఫ్రెంచివాళ్లు జెనోవాను 'జెన్' అంటారు, ఇక్కడి ముతక నూలు గుడ్డ ఆ పేరుతోనే దేశాలు తిరిగింది.

తిండి సంగతి నానమ్మ రాయమంది. మాంసం, చేపలు తినని మనకు ఐరోపాలో ఇంత సుఖమైన చోటు మరొకటి దొరకదేమో. ఫారినాటా అనేది అచ్చంగా శనగపిండి అట్టు: శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి, పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పెస్టో అనే పచ్చడిని పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరుతారు; ఆ పేరుకు అర్థమే నూరినది అని. మన తులసికి దగ్గర చుట్టమైన బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, కల్లుప్పు, జున్ను, నూనె అందులో పడతాయి. నానమ్మ రెండు ముద్దలు తిని, "రోటి పచ్చడే, మిరపకాయ వేయడం మరిచిపోయారు" అని తీర్పు చెప్పింది.

ఇప్పుడు అసలు ఊళ్ల దగ్గరికి వస్తాను. మాంటెరోస్సో, వెర్నాజా, కార్నీలియా, మనరోలా, రియోమజోరే. సముద్రంలోకి నిటారుగా దిగిన కొండవాలుకు, పిచ్చుకగూళ్లు అంటించినట్టు కట్టిన ఊళ్లు ఇవి. మీరు ఫోటోల్లో చూసి మురిసిపోయిన పసుపు, గులాబీ రంగుల ఇళ్లు ఇవే. సముద్రం మీద నుంచి జాలరి తన ఇల్లు తాను గుర్తుపట్టడానికే ఆ రంగులు వేశారని అక్కడ అందరూ చెబుతారు. కథ బాగుంది గాని, ఇల్లు గుర్తుపట్టలేనివాడు సముద్రం మీదికి వెళ్లి తిరిగి ఎలా వస్తాడో నాకు అర్థం కాలేదు. రంగుల కన్నా నాకు తమాషా అనిపించినవి దొంగ కిటికీలు. ఆ తీరమంతటా ఇళ్ల గోడల మీద లేని కిటికీలను, లేని తలుపురెక్కలను, లేని రాతి నగిషీలను నీడలతో సహా రంగుల్లో గీస్తారు. ఏది అసలుదో, ఏది గీసినదో వీధిలో నిలబడి పందెం కాయండి.

ఆ ఇళ్లను చూశాక తల ఇంకొంచెం పైకెత్తండి. కొండ మొత్తం మెట్లుమెట్లుగా కోసి ఉంటుంది. ఒక్కో మెట్టు ఒక్కో సన్నటి మడి, అందులో ద్రాక్ష తీగలు, అక్కడక్కడ ఆలివ్ చెట్లు, మడికి ఒడ్డుగా రాతిగోడ. సుమారు వెయ్యేళ్లుగా, తరం తరువాత తరం, కొండను తవ్వి రాళ్లు ఏరి ఆ రాళ్లతోనే గోడలు పేర్చి, గోడ వెనక మట్టి నింపి పొలం చేసుకున్నారు. మరి సముద్రం పక్కనుండగా కొండెక్కి వ్యవసాయం ఏమిటని మీరు అడగాలి. సముద్రం మీద నుంచి దొంగలు వచ్చే కాలంలో జనం కొండల మీద బతికారు. అందుకే వెర్నాజాలో సముద్రానికి ఎదురుగా కావలి బురుజు ఉంది. మాంటెరోస్సోలో చేపలు పట్టినా, తక్కిన ఊళ్లవాళ్లకు ముఖ్యమైన పంట ద్రాక్షే. ఇప్పటికీ కోతల కాలంలో, ఒకే ఒక్క పట్టా మీద, పళ్లున్న చక్రంతో పాకే బుల్లి బండి ఒకటి ద్రాక్ష గంపలను ఆ నిట్టనిలువు వాలు మీద మోస్తుంది. అది రాకముందు ఆ బరువంతా మనుషుల భుజాల మీదే నడిచింది.

నేను ముప్పైనాలుగేళ్లు నీటిపారుదల శాఖలో చెరువుకట్టలు, కాలువ గట్లు చూసుకుంటూ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి, నానమ్మ సముద్రం చూస్తుంటే నేను గోడలు చూశాను. ఆ గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిని రాయే పట్టుకుని ఉంటుంది. మన చెరువుకట్ట లోపలివైపు అలలకు కోసుకుపోకుండా పరిచే రివిట్‌మెంట్ రాయి చూశారు కదా, ఇది దానికి అన్నలాంటిది, ఎందుకంటే ఇది నిలువుగా నిలబడి వెనకున్న మట్టిని ఆపాలి. సిమెంటు లేకపోవడం పేదరికం వల్లనేనని మొదట అనుకున్నాను, కాసేపటికి అందులోని తెలివి తెలిసింది. మట్టి పొడిగా ఉంటే గోడను పెద్దగా తోయదు. వాన కురిసి మట్టి నీళ్లు తాగితే బరువెక్కుతుంది, పైగా ఆ నీరు తానే గోడను నెడుతుంది. సిమెంటు గోడ కట్టేటప్పుడు నీరు బయటికి పోవడానికి మేము వరుసగా గొట్టాలు విడిచిపెడతాం. అవి మూసుకుపోతే గోడ ఉబ్బి కూలుతుంది. రాయి మీద రాయి పేర్చిన గోడకు ప్రతి సందూ ఒక తూమే. ఈ విద్యను 2018లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇటలీతో కలిపి ఎనిమిది ఐరోపా దేశాలు దానికోసం కలిసి దరఖాస్తు పెట్టాయి.

అయితే అలాంటి గోడకు ఏటా మనిషి చెయ్యి తగలాలి. జారిన రాయిని ఆ ఏడే తిరిగి పెట్టకపోతే, పై ఏటికి గండి పడుతుంది, ఆ గండి కింది మడిని కూడా తీసుకుపోతుంది. ఇక్కడే మీరెక్కే రైలు కథలోకి వస్తుంది. 1869లో లా స్పెజియాలో నౌకాదళపు ఓడల కర్మాగారం మొదలైంది. 1874లో జెనోవా, లా స్పెజియాల మధ్య రైలు మార్గం పూర్తయింది. అంతవరకు పడవ మీదనో కాలిదారినో తప్ప బయటికి పోలేని రైతు, రైలెక్కి కర్మాగారంలో నెలజీతానికి కుదరవచ్చని తెలుసుకున్నాడు. తప్పేముంది? నేనైనా అదే చేసేవాణ్ణి. నిజానికి మా నాన్న మెట్ట పొలం వదిలి నేనూ అదే చేశాను. కాలక్రమంలో ఎన్నో మడులు బీడుపడ్డాయి, గోడలు కూలాయి, ముళ్లపొదలు పెరిగాయి. అదే రైలు నేడు రోజూ వేలమంది చూపరులను తెచ్చి దింపుతోంది. వారు చూడటానికి వచ్చే కొండను నిలబెట్టేవారు మాత్రం తగ్గిపోయారు. 1997లో ఈ ఊళ్లకు ప్రపంచ వారసత్వ హోదా రావడానికీ, 1999లో జాతీయ పార్కుగా ప్రకటించడానికీ ఈ గోడలే ప్రధాన కారణం.

2011 అక్టోబరు 25న కొన్ని గంటల్లోనే కుండపోత వాన కురిసి, కొండ మీది మట్టీ రాళ్లూ చెట్లూ కలిసి వెర్నాజా, మాంటెరోస్సో వీధుల్లోకి దూకాయి. మనుషులు చనిపోయారు; వెర్నాజా ప్రధాన వీధిలో అంగళ్లు బురదలో కూరుకుపోయాయి. అంతటి వానకు ఏ గోడైనా ఎంత ఆగుతుందో చెప్పలేం గాని, పాడుబడ్డ మడుల నుంచే మట్టి సులువుగా జారుతుందని మాత్రం నా ఉద్యోగం నాకు నేర్పింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో, రియోమజోరే నుంచి మనరోలాకు సముద్రం పక్కగా సాగే 'ప్రేమ దారి' మీద రాళ్లు పడి నలుగురు పర్యాటకులు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ దారిని బాగుచేసి తిరిగి తెరవడానికి 2024 వరకు పట్టింది. ఇప్పుడు దానికి టికెట్టు ఉంది, వేళ నిర్ణయించి పంపుతారు. కొండదారులకు కూడా డబ్బు కట్టాలా అని మీ నాన్న గొణిగితే, గోడలు ఎవరు కట్టాలని అడగండి.

ఇక మీరు చేయవలసిన పనులు. ప్రాంతీయ రైళ్లకు కాగితపు టికెట్టు కొంటే బండి ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. మాంటెరోస్సో నుంచి వెర్నాజాకు నడిచే దారి మూడున్నర కిలోమీటర్లు, రెండు గంటలు పడుతుంది. అక్కడ మెట్లకు లెక్కలేదు, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో కొండదారి ఎక్కినవారికి జరిమానా వేస్తామని పార్కువారు ప్రకటించారు. ఒక్కసారైనా పడవ ఎక్కండి. ఒడ్డున నిలబడితే ఇళ్లే కనబడతాయి, నీటి మీదికి వెళితే గోడలతో సహా కొండ మొత్తం అరచేతి గీతల్లా కనబడుతుంది. సాయంత్రం ఆరు దాటాక, పగటి జనం రైళ్లెక్కి పోయాక, ముసలివాళ్లు బయటికొచ్చి బల్లల మీద కూర్చుంటారు. ఊరు అప్పుడు ఊరవుతుంది. రాత్రి బస చేయమన్నది అందుకే.

పీసా సంగతి కొంచెమే. 1173లో మొదలుపెట్టిన ఆ గోపురం, ఒకవైపు మెత్తటి నేల కుంగడంతో కట్టడం పూర్తికాకముందే ఒరిగింది. 1990లో ప్రమాదమని మూసేసి, పడిపోతున్న వైపు ఆసరా పెట్టి సరిపెట్టకుండా, ఎత్తుగా ఉన్న ఉత్తరపు వైపు పునాది కింద నుంచి కొద్దికొద్దిగా 38 ఘనపు మీటర్ల మట్టి తీశారు. గోపురం తనంతట తానే సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. 2001 డిసెంబరులో తిరిగి తెరిచారు. దాన్ని చేతులతో ఆపుతున్నట్టు అందరూ ఫోటో దిగుతారు, మీరూ దిగండి, నేనూ దిగాను. ఎనిమిదేళ్లు నిండనివారిని పైకి ఎక్కనివ్వరు, చిన్నూకి నిండాయి కాబట్టి భయం లేదు.

చివరగా కార్నీలియా. ఐదింటిలో రేవు లేని ఊరు అదొక్కటే. సముద్రానికి వంద మీటర్ల ఎత్తున కూర్చుంది, పడవ ఆగదు. స్టేషను నుంచి ఊళ్లోకి పోవడానికి 33 వరుసల ఇటుక మెట్లు ఉన్నాయి. అవి 377 అని ఒకరు, 382 అని ఒకరు చెప్పారు. తేల్చుకుందామని లెక్కపెడుతూ ఎక్కుతుంటే, ఇరవయ్యో వరుస దగ్గర నానమ్మ ఆగి నీళ్లడిగింది, నా లెక్క తప్పింది, మళ్లీ కిందికి దిగే ఓపిక లేకపోయింది. బుజ్జి ఎక్కేటప్పుడు, చిన్నూ దిగేటప్పుడు లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా విడివిడిగా నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య