ఆర్చ్‌టాప్ గిటార్: బ్రిడ్జ్ ఎత్తు మారిస్తే ఇంకేటేటి మారతాయి

ఆర్చ్‌టాప్ గిటార్‌కి తీగలన్నీ ఒకేసారి విప్పేస్తే బ్రిడ్జ్ (తీగల్ని పైచెక్క మీద ఎత్తి పట్టే ముక్క) ఊడి చేతిలోకి వచ్చేస్తాది. కంగారేం లేదు, ఏదీ విరగలేదు, దాన్ని అసలు అతికించనే లేదు. మామూలు అకౌస్టిక్ గిటార్‌లో అయితే బ్రిడ్జ్‌ని జిగురుతో అంటించేస్తారు, దీన్లో పైచెక్క ఉబ్బెత్తుగా ఉంటాది, తీగల చివర్లు వెనక టెయిల్‌పీస్‌కి తగిలించి ఉంటాయి, మధ్యలో బ్రిడ్జ్ ఊరికే నిలబడి ఉంటాది, దాన్ని కదలకుండా పట్టుకునేది తీగల నొక్కుడు ఒక్కటే.

విజయనగరం వాళ్లకి ఇదేం వింత కాదు లెండి. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పిన వయొలిన్‌దీ ఇదే ఏర్పాటు. గిబ్సన్ కంపెనీ 1922లో తెచ్చిన ఎల్-5 గిటార్‌కి ఎఫ్ ఆకారం కన్నాలు కూడా వయొలిన్ చూసి పెట్టినవే. తేడా ఒకటుంది, వయొలిన్ బ్రిడ్జ్ ఎత్తు తగ్గాలంటే చెక్క అరగదీయాలి, పెరగాలంటే మామూలుగా కొత్తది చెక్కించుకోవాలి, ఆర్చ్‌టాప్‌కి అయితే రెండు మరలు, వాటిమీద రెండు చిన్న చక్రాలు ఉంటాయి, వేళ్లతో తిప్పుకోవడమే.

తిప్పే ముందు నెక్ (ఎడమ చేత్తో తీగలు నొక్కే పొడుగు భాగం) వంపు చూడాలి, అది తేడాగా ఉంటే బ్రిడ్జ్‌ని ఎంత తిప్పినా దండగే. తర్వాత 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందుందో స్కేలు పెట్టి కొలవండి, లావు తీగకి 2 మిల్లీమీటర్లు, సన్న తీగకి ఒకటిన్నర దగ్గర్లో ఉంటే చాలామందికి చేతికి హాయిగా ఉంటాది. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటాది కాబట్టి అక్కడ అర మిల్లీమీటర్ తగ్గాలంటే బ్రిడ్జ్ దగ్గర పూర్తి మిల్లీమీటర్ దించాలి. తీగలు కాస్త వదులు చేసి తిప్పండి, ఎందుకంటే ఆ చక్రాల మీద పడే బరువు తక్కువేం కాదు. ఆరు తీగల బిగువు కలిపి 70 కిలోలు, బ్రిడ్జ్ మీద తీగ 12 డిగ్రీలు వంగింది అనుకుంటే, లెక్క వేస్తే కిందికి 14, 15 కిలోలు నొక్కుతాది. బ్రిడ్జ్‌ని ఒక్క మిల్లీమీటర్ లేపితే దానికి ఇంకో అర కిలో దాకా తోడవుద్ది, అంటే ఎత్తు మారిస్తే వేళ్ల సుఖమే కాదు, పైచెక్క మీద ఒత్తిడీ మారుద్ది, దాంతో మోత కూడా మారుద్ది. మరీ దించేస్తే తీగ ఫ్రెట్లకి తగిలి జరజరమంటాది.

అసలు తంటా శ్రుతి దగ్గరుంది. తీగని ఫ్రెట్ దాకా నొక్కితే అది కొంచెం సాగుద్ది, సాగితే శ్రుతి పెరుగుద్ది, తీగ ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ సాగుద్ది. మన బొబ్బిలి వీణకి మెట్లు మైనం మీద కూర్చుంటాయి కాబట్టి తేడా వస్తే మెట్టునే సర్దుకోవచ్చు, గిటార్ ఫ్రెట్లు కదలవు, అందుకే బ్రిడ్జే కదలాలి. 12వ ఫ్రెట్ మీద వేలు నొక్కకుండా ఊరికే ఆనించి తీగ మీటి, అప్పుడొచ్చే సన్నటి మోత (దీన్నే హార్మోనిక్ అంటారు) వినండి, తర్వాత అక్కడే నొక్కి వాయించండి, నొక్కింది ఎక్కువ పలికితే బ్రిడ్జ్‌ని టెయిల్‌పీస్ వైపు, తక్కువ పలికితే నెక్ వైపు వెంట్రుకవాసి జరపండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాల్సిందే (ట్యూనర్ యాప్ ఉంటే చెవిని నమ్ముకునే బాధ కూడా లేదు).

వానాకాలం శ్రీకాకుళం గాలికి చెక్క తేమ పీల్చి ఉబ్బుతాది, పైచెక్క లేచి బ్రిడ్జ్‌ని కూడా లేపుతాది, ఎండాకాలం సరిపెట్టిన ఎత్తు అప్పుడు ఎక్కువైపోతాది.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి, ముందే బ్రిడ్జ్ పాదాల చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టుకోండి. ట్యూన్ చేస్తున్నకొద్దీ తీగలు బ్రిడ్జ్ తలని నెక్ వైపు లాగుతాయి, పక్కనుంచి చూసి వాలింది అనిపిస్తే తీగలు కాస్త వదులు చేసి రెండు చేతులతో నిటారుగా సర్దండి, పాదాలు చెక్కకి పూర్తిగా ఆనకపోతే చక్రాలు ఎటు తిప్పినా మోత సగమే వస్తాది.